నాయనకు బదులు నేను

పోయిన నెల ఉదయగిరిలో బస్సు దిగేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. నాతో కలిసి పనిచేసిన ఒక టీచరమ్మ కొత్త ఇంట్లో చేరుతూ భోజనానికి పిలిచింది. ఇంకా వేళ ఉంది కదా అని నీడ వెతుక్కుంటూ పోతుంటే పోస్టాఫీసు గేటు పక్కన చిన్న షామియానా కనిపించింది. కింద పట్ట మీద పదీ పన్నెండు మంది కూర్చుని ఉన్నారు, ఎక్కువ మంది ఆడపిల్లలే. ఒకామె ఒడిలో మూడేళ్ల పాప నిద్రపోతోంది. ఆమె నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. పేరు లావణ్య అని చెప్పింది. పల్లెల్లో పోస్టు పనిచేసేవాళ్లమనీ, రోజంతా పని చేయించుకుని కాగితం మీద మాత్రం నాలుగు గంటలని రాస్తారనీ, పూర్తి ఉద్యోగులుగా చూడమనీ పింఛను ఇమ్మనీ అడుగుతూ సమ్మె చేస్తున్నామనీ అంది. ఏ ఊరమ్మా అంటే, తనది శ్రీకాకుళం వైపనీ, మార్కులను బట్టి ఇక్కడ పోస్టు వచ్చిందనీ చెప్పి, పనిచేసే ఊరి పేరు చెప్పింది. అది మా ఊరే.

"ఒంట్లో బాగా లేకపోతే ఎట్లా?" అని అడిగాను.

"లీవు కాగితం మీద ఉందండి. మన బదులు పనిచేసే మనిషిని మనమే చూపించాలి. ఆ మధ్య పాపకి ఒళ్లు కాలిపోతుంటే నేను కదల్లేకపోయాను. మా అమ్మని పంపించాను" అంది, ఎవరింట్లోనైనా జరిగేదే అన్నట్టు.

ఆ పూట భోజనం నాకు సరిగ్గా దిగలేదు. వడ్డించేవాళ్లు ఏమనుకున్నారో గానీ, నా కంటి ముందు విస్తరి లేదు, నవారు మంచం మీద వాచిన కాలు చాపుకుని కూర్చున్న మా నాయన ఉన్నాడు.

మా నాయన పేరు దావీదు. ఊరంతా రన్నరు దావీదు అనేది. ఆయన పరుగెత్తడం మాత్రం నేనెన్నడూ చూడలేదు. చలికాలమైనా, రోళ్లు పగిలే ఎండైనా ఒకే తీరుగా నడిచేవాడు. ఊరి నుంచి తారు రోడ్డుకు అయిదు కిలోమీటర్లు, మధ్యలో ఒక వాగు. పొద్దున్నే ఊరి టపా సంచి మోసుకుపోయి ఆత్మకూరు బస్సుకు అందించడం, ఉదయగిరి నుంచి వచ్చే సంచి కోసం మస్తాన్ భాయ్ టీ కొట్టు ముందు కాచుకోవడం, దాన్ని ఊరికి తేవడం, తర్వాత ఊళ్లోనూ పక్కనున్న రెండు పాలేలలోనూ ఇంటింటికీ ఉత్తరాలు పంచడం ఆయన పని. తెల్లారక ముందు బయలుదేరిన మనిషి పొద్దు వాలేటప్పటికి ఇల్లు చేరేవాడు. కాగితం మీద మాత్రం అది మూడు గంటల పని. ఆ రోజుల్లో అట్లాంటి వాళ్లను ఈడీ వాళ్లు అనేవారు, అంటే శాఖకు బయటి మనుషులని అర్థం. చేర్చుకునేటప్పుడే, బతకడానికి తనకు వేరే ఆధారం ఉందని సంతకం పెట్టించుకున్నారు. ఆ ఆధారం రాళ్లు తేలిన ముప్పావు ఎకరం మెట్ట. అందులో సజ్జ వేస్తే పిట్టలు తినగా మిగిలిందే మాకు.

మా ఇంట్లో గడియారం లేదు. అమ్మ కందికట్టె విరిచి పొయ్యి రాజేస్తే నాయన లేచినట్టు. ఆ పొగ వాసన, రాత్రి మిగిలిన సంగటిలో కలిపిన పుల్లమజ్జిగ వాసన, వాటితో పాటు నాయన వేళ్లకు ఎప్పుడూ అంటుకుని ఉండే లక్క వాసన. సంచి మూతికి లక్క కాచి ముద్ర వేసేది పోస్టుమాస్టరు వెంగళరెడ్డి గారి వసారాలో. ఆ వసారానే మా ఊరి పోస్టాఫీసు. రెడ్డిగారు కుర్చీలో కూర్చుంటే నాయన మెట్ల కింద నిలబడి సంచి పట్టుకునేవాడు. పద్దెనిమిదేళ్లు అక్కడే నిలబడ్డాడు. ఉత్తరాలు చదివి పెట్టమని మాత్రం పెద్ద ఇళ్లవాళ్లు కూడా ఆయన్నే పిలిచి అరుగు అంచున కూర్చోబెట్టేవారు. కువైట్ నుంచి మొగుళ్లు రాసిన ఉత్తరాలు ఆయన గొంతులోనే వినేవారు ఆడవాళ్లు. చెడు కబురున్న ఉత్తరం చదవాల్సి వస్తే ముందు మంచినీళ్లు అడిగేవాడు. కొన్నాళ్లకు ఊరికి ఆ సంగతి తెలిసిపోయింది. ఆయన నిజంగా దప్పికై నీళ్లడిగినా ఇంట్లోవాళ్ల మొహాలు పాలిపోయేవి. దాంతో నడి ఎండాకాలంలో కూడా ఎవరి గడపలోనూ నీళ్లు అడగడం మానేశాడు. ఇంటికొచ్చి చెంబెడు నీళ్లు ఎత్తిన చెంబు దించకుండా తాగేవాడు. అమ్మ ఆ గుక్కల చప్పుడు వింటూ, "ఊరందరి మంచిచెడ్డలూ నీకే కావాల" అని విసుక్కునేది.

నేను ఆత్మకూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను. నాతోపాటు మా వీధి కోటయ్య మామ కూతురు రమణమ్మ కూడా. ఒకే మంచం, ఒకే సబ్బు, ఒకే పుస్తకం. చదువైపోయాక నేను టీచరు ట్రైనింగుకు, అది నెల్లూరులో నర్సు ట్రైనింగుకు దరఖాస్తులు పెట్టుకుని ఇళ్ల దగ్గర ఎదురు చూస్తున్నాం. దానికి సూదంటే భయం లేదు. హాస్టల్లో ఎవరికి దెబ్బ తగిలినా అదే కడిగి కట్టు కట్టేది.

కార్తీకం వానలు పడుతున్న రోజుల్లో నాయన పాదంలో జొన్న కొయ్యకాలు దిగింది. రెండు రోజులు కుంటుతూనే సంచి మోశాడు. మూడో రోజుకు కాలు మోకాలి దాకా వాచింది. ఉదయగిరి డాక్టరు చీము తీసి, పక్షం రోజులు పాదం నేల మీద మోపవద్దన్నాడు. పనికి పోకపోతే బదులు మనిషిని నాయనే పెట్టాలి, తన జీతంలోంచే వాడికి ఇవ్వాలి, వాడు ఏ తప్పు చేసినా పూచీ తనదే. నాట్లకు కూలీలు దొరకని కాలం. నాయన అడిగిన వాళ్లంతా నవ్వి పంపించారు. అమ్మకు అక్షరాలు రావు. ఇంట్లో మిగిలింది నేను.

వెంగళరెడ్డి గారు మా వాకిట్లోకి వచ్చి గొడుగు కింద నిలబడే మాట్లాడాడు. "నీ కూతురు చదువుకున్న పిల్ల గదరా. పంపించు. పైకి రాస్తే సవాలక్ష అడుగుతారు. రోజూ పుస్తకం నీ మంచం కాడికే పంపిస్తా, నువ్వే వచ్చినట్టు సంతకం పెట్టు."

"ఆడపిల్ల, వాగు దాటాల గదయ్యా" అన్నాడు నాయన.

"పట్టపగలే గదా. ఏంది భయం?"

నిజం చెప్పాలంటే నాకు సంతోషమే వేసింది. సంచి భుజాన వేసుకుని మొదటి రోజు నడుస్తుంటే ఒక ఉద్యోగం చేస్తున్నానని అనిపించింది. ఊళ్లో కొందరు నవ్వారు. "దావీదూ, బిడ్డ చేత టపా మోయిస్తా ఉండావే" అని వినబడేటట్టు అన్నారు. మస్తాన్ భాయ్ మాత్రం బస్సు వచ్చేదాకా కూర్చోమని తన స్టూలు ఇచ్చి, "మీ నాయన ఇన్నేళ్లలో ఒక్క నాడు కూర్చోలేదు పాపా. నువ్వన్నా కూర్చో" అన్నాడు. సాయంత్రానికి భుజం ఒరిసిపోయి జాకెట్టు అంటుకునేది. అమ్మ వేడినీళ్ల గుడ్డ పెడుతుంటే నాయన గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఎనిమిదో రోజు వాయుగుండం పట్టింది. వాగు అటు గట్టూ ఇటు గట్టూ ఒకటై పారింది. రెండు రోజులు సంచి పట్టుకుని గట్టు దాకా పోయి తిరిగొచ్చాను. ఉదయగిరి నుంచి వచ్చిన సంచి మస్తాన్ భాయ్ తన రేకుపెట్టెలో పెట్టి తాళం వేశాడని తర్వాత తెలిసింది. మూడో రోజు పొద్దున వాన తెరిపిచ్చింది. నేను గట్టుకు చేరేసరికి గొర్రెలు మేపే ముసలాయన ఒకడు అవతలి నుంచి కర్ర ఊతంతో దాటి వస్తున్నాడు. నీళ్లు ఆయన నడుము దాకా కూడా లేవు. "పో పాపా, ఇసక గట్టిగానే ఉండాది" అన్నాడు. నేను చీర ఎగదోపుకుని దిగాను. నాలుగు అడుగులు వేశాక కాలి కింద ఇసుక జారింది. నీళ్ల రంగుకూ ఆ చప్పుడుకూ భయపడ్డాను. వెనక్కి వచ్చేశాను. గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. మళ్లీ దిగలేదు. ఇంటికి పోయి "వాగు ఇంకా తీయలేదు నాయనా" అని చెప్పాను. ఆయన "మంచిపని చేసినావు, తొందరేంది" అన్నాడు.

నాలుగో రోజు దాటి సంచి తెచ్చాను. వెంగళరెడ్డి గారు ముద్ర పగలగొట్టి ఉత్తరాలు మెట్ల మీద పరిచాడు. అందులో పొడుగాటి కవరు ఒకటి రమణమ్మ పేరున. నేను పరుగున తీసుకుపోయి ఇచ్చాను. అది వాకిట్లో నిలబడే చించింది. నెల్లూరులో ఇంటర్వ్యూ, ఆ రోజే, పొద్దున పది గంటలకు. అప్పటికి మధ్యాహ్నం దాటింది. రమణమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, మళ్లీ కవరులో పెట్టింది. ఏడవలేదు. మరుసటి రోజు కోటయ్య మామ కూతుర్ని వెంటబెట్టుకుని నెల్లూరు పోయి అడిగితే, అయిపోయింది పొమ్మన్నారు.

కోటయ్య మామ కంప్లయింటు రాయించాడు. రాయించకుండా ఎందుకుంటాడు? విచారణ ఆత్మకూరులో జరిగింది. నాయన కర్ర పట్టుకుని బస్సెక్కాడు. తోడుగా నేను పోయాను. ఇన్‌స్పెక్టరు చెడ్డవాడేమీ కాదు. అందర్నీ కూర్చోమన్నాడు. సంతకాల పుస్తకం తెరిచాడు. ఆ పదకొండు రోజులూ నాయన సంతకాలే ఉన్నాయి. దావీదు రోజూ డ్యూటీకి వచ్చినాడని వెంగళరెడ్డి గారు చెప్పాడు. ఇప్పుడు కాదంటే నాయన ఉద్యోగమూ పోతుంది, రెడ్డిగారి పోస్టాఫీసూ పోతుంది. కోటయ్య మామ గొర్రెలాయన్ను సాక్ష్యానికి తెచ్చాడు. ఆయన గుడ్డితనమో, మంచితనమో, నన్ను చూశానని అనలేదు. "మూడో దినం నేను దాటినాను సామీ. నడుం లోతు గూడా లేదు" అని మాత్రం చెప్పాడు.

ఇన్‌స్పెక్టరు నాయన వైపు తిరిగాడు. "ముసలాయన దాటాడు. నువ్వెందుకు దాటలేదు?"

నాయనకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. నా వైపు తల తిప్పలేదు. కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నేల చూశాడు. తర్వాత, "భయపడినాను సార్" అన్నాడు.

కోటయ్య మామ పెద్దగా నవ్వాడు. ఆ వాగును పీకల లోతులో కూడా సంచి నెత్తిన పెట్టుకుని దాటిన మనిషి అని అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. ఇన్‌స్పెక్టరుకు కూడా ఏదో అనుమానం వచ్చినట్టుంది. నా వైపు చూసి, "ఎవరైనా ఇంకేమైనా చెప్పేది ఉందా?" అన్నాడు. నా ట్రైనింగు సీటు, నా పేరు, రెడ్డిగారి మొహం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నేను నోరు తెరవలేదు.

తిరుగు బస్సులో నాయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఊరు దగ్గర పడ్డాక, "నీళ్లంటే ఎవరికైనా భయమే పాపా. ఇంక ఈ మాట మన ఇంట్లో వద్దు" అన్నాడు. మేమిద్దరం ఆయన పోయేదాకా ఆ మాట ఎత్తలేదు.

నాయన్ను పని నుంచి ఆపేశారు. తీసెయ్యడం కాదు, ఆపడం. అంటే పనీ ఉండదు, జీతమూ ఉండదు, ఎన్నాళ్లో ఎవరూ చెప్పరు. ఏడాది పైన నడిచింది. ఆయన పరాయి పొలాల్లో పొగాకు నారు తడిపే పనికి పోయాడు. పొద్దున్నే అదే వేళకు లేచి, పోవలసిన చోటు లేక మంచం పట్టె మీద కూర్చునేవాడు. అమ్మ పొయ్యి రాజేయడం ఆలస్యం చేయడం మొదలుపెట్టింది. నా ట్రైనింగు సీటు ఉత్తరాన్ని నాయన స్థానంలో వచ్చిన కొత్త మనిషి తెచ్చి ఇచ్చాడు. నేను చేరిన ఆరు నెలలకు హెచ్చరిక కాగితం ఒకటి ఇచ్చి నాయన్ను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. కోటయ్య మామ బతికినన్నాళ్లూ వీధిలో ఎదురుపడితే, విచారణలో నాయన ఒప్పుకున్న మాటనే పట్టుకుని "పిరికి నా కొడుకు" అని ఊసేవాడు. నాయన ఆయనకు వచ్చిన ఉత్తరాలు ఆయన గడప దగ్గరే పెట్టి వచ్చేవాడు. అరవై అయిదు నిండాక ఒక శాలువా కప్పి పంపించారు. పింఛను లేదు. నేను గవర్నమెంటు టీచర్ని, నాకు ఉంది. నెలనెలా నేనిచ్చేది తీసుకునేటప్పుడు ఆయన చెయ్యి నా వైపు సూటిగా చాచేవాడు కాదు.

ఇప్పుడు వాగు మీద వంతెన ఉంది. ఉత్తరాలు పోయి పాసుబుక్కులూ పార్సిళ్లూ వచ్చాయి. లావణ్య చేతిలో చిన్న మిషను, దానికి సిగ్నలు దొరకాలంటే మేడ ఎక్కాలి. పోస్టాఫీసు ఆమె అద్దెకున్న గదిలోనే, పాప ఉయ్యాల పక్కన. రెడ్డిగారి మెట్ల కింద ఎవరూ నిలబడనక్కర లేదు. ఇది చిన్న మార్పు కాదు, నాకు తెలుసు. అయినా ఆమె చెప్పిన ఒక్కొక్క మాటా మా ఇంట్లో విన్నదే. పని రోజంతా, లెక్క మూడు నాలుగు గంటలు. జబ్బు చేస్తే ఇంట్లో మనిషి. పల్లెకు పోస్టు కావాలంటారు, దాన్ని మోసే వాళ్లు మాత్రం ఇప్పటికీ సగం మనుషులే.

మరుసటి రోజు నెల్లూరు బస్సు ఎక్కకుండా ఊరికి పోయాను. రమణమ్మ వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. పెళ్లయి, ఊళ్లోనే ఉండిపోయి, ఇప్పుడు కూలి ఆడవాళ్లకు మేస్త్రీగా పొలాలకు పోతుంది. "ఏందిమే సుగుణా, దారి తెలిసిందా ఇన్నేళ్లకు?" అని పీట లాగింది. కూర్చోకుండానే చెప్పాను. సంచి మోసింది నేనేననీ, మూడో రోజు దిగి వెనక్కి వచ్చింది నేనేననీ, ఆత్మకూరులో నోరు మూసుకున్నది కూడా నేనేననీ. అది గింజ తీయడం ఆపలేదు.

"సంచి నువ్వు మోసినావని ఊరంతా చూసింది. మా నాయనకూ తెలుసు. పూచీ రన్నరుదే అని మీ నాయన మీద రాయించినాడు" అంది. "దిగి వెనక్కొచ్చినావని తెలీదు."

"నా మీద కోపం..."

"ఉండాది. ఎందుకుండదు? పొలంలో ఎవురికి తేలు కుట్టినా, పాము కరిచినా నా కాడికే వస్తారు. అప్పుడంతా ఉండాది." గింజను పక్కకు విసిరింది. "అదట్టుంచు. మా నాయన మీ నాయన్ని పిరికోడని ఊసేవాడు గదా, అప్పుడు నువ్వు యాడుండావు? నెల్లూరులో టీచరమ్మవి. నాకు పోయిన ఉద్యోగం నువ్వు చెప్తే తిరిగి రాదు. ఆయన మీద పడిన మాట అయితే పొయ్యేది గదమే. ఒక్క మాటతో పొయ్యేది."

అది లేచి చేతులు కడుక్కుంది. "నాకు చెప్పి ఏం లాభం? పద" అంది.

"ఎక్కడికి?"

"మన పోస్టు పిల్ల కూర్చోలా ఉదయగిరిలో, ఆడికి. నా వేలిముద్ర అరిగిపొయ్యి మిషన్లో పడదు. ఆ బిడ్డే నూనె రాసి, తుడిచి, అయిదారు తూర్లు పెట్టిచ్చి పింఛను ఇస్తాది. వారమయింది మాకు పోస్టు లేక. అయినా కూర్చోమనే చెప్పినాను."

ఉదయగిరి చేరేసరికి షామియానా కింద నిన్నటి కంటే జనం తక్కువ ఉన్నారు. లావణ్యకు చెబితే ఎవరినో అడిగి మైకు తెచ్చిచ్చింది. ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, మైకు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. "నాకు తెలిసిన ఒక రన్నరు ఉండేవాడు" అని మొదలుపెట్టాను. ముందు వరసలో కూర్చున్న రమణమ్మ గట్టిగా, "తెలిసిన రన్నరు ఏంది? పేరు చెప్పుమే" అంది. అందరూ దాని వైపు చూశారు. నేను మళ్లీ మొదలుపెట్టాను. "మా నాయన పేరు దావీదు. ఆయన పిరికివాడు కాడు. వాగు దాటలేక వెనక్కి వచ్చింది నేను" అన్నాను. ఆ పైన ఆగకుండా అంతా చెప్పాను. రోడ్డు మీద పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు నిలబడి విని పోయారు. చప్పట్లు కొన్ని పడ్డాయి. లావణ్య కొట్టలేదు, ఒడిలో పాపను దగ్గరికి లాక్కుంది. దానివల్ల సమ్మె గెలవలేదు. నాలుగు రోజులకు, పరిశీలిస్తామన్న మాట మీద విరమించారని తర్వాత లావణ్య ఫోను చేసి చెప్పింది.

ఆ సాయంత్రం మా ఊరి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. రమణమ్మ నాకోసం చూడకుండా ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. నేను కింద నిలబడ్డాను. కిటికీ లోంచి వంగి, "నేను మరిచిపోయినానని అనుకోబాక" అంది.

"అనుకోలేదు" అన్నాను.

"అయితే ఎక్కు. నిలబడ్డావేంది?" అని పక్క సీటు మీద నుంచి తన సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.